కృప కట్టిన ఊళ్లో గాలి

ప్రసన్నకుమారి ఏ పని మీదైనా గడప దాటాలంటే ముందు పక్కింటి వీరదుర్గని పిలిచి ఇంట్లో కూర్చోబెట్టేది. దొంగల భయమా అంటే, ఆ రెండు గదుల ఇంట్లో దొంగ చెయ్యి పెట్టేంత వస్తువేదీ లేదు. ఆవిడ భయమంతా కరెంటు గురించి.

“పోతే ఏం చెయ్యాలో గుర్తుందిగా?”

“ఉంది వదినా. ఇన్వర్టర్ మీద పచ్చలైటు వెలుగుతోందో లేదో చూడాలి. ఎర్రలైటొస్తే అన్నయ్యకి ఫోన్ కొట్టాలి. పసిపిల్లనొదిలి వెళ్తున్నట్టు ఎన్నిసార్లు చెప్తావు?”

ఆ మాట అనేసి వీరదుర్గ నాలుక కరుచుకునేది. ప్రసన్నకుమారి విననట్టే చెప్పులు వేసుకుని గట్టు దిగిపోయేది.

ఇంట్లో బల్ల మీద ఉన్నది ఒక పాత లాప్‌టాప్. కూతురు కృపారాణిది. అందులో ఒక ఆట నడుస్తోంది. కృప పోయి పదకొండు నెలలైంది. ఆట మాత్రం రెండు నెలల పది రోజులుగా, పగలనక రాత్రనక, ఒక్క నిమిషం ఆగకుండా నడుస్తోంది.

ప్రసన్నకుమారి పుట్టింది ఆకివీడు వైపు. అయిదో తరగతితో బడి ఆగిపోయింది. ఈడొచ్చాక రొయ్యల ప్లాంటులో తలలు తీసే పనికి వెళ్లింది. ఐసులో నాని తెల్లగా ముడతలు పడిన వేళ్లతోనే పెళ్లిపీట దాకా, అంటే చర్చిలో పాస్టరుగారి ముందు దాకా నడిచింది. పెళ్లయ్యాక భీమవరానికి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో, కాలవ గట్టు మీదున్న ఈ ఇంటికొచ్చింది. భర్త యెహెజ్కేలు వీరాస్వామిగారి రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్లు చూసే మనిషి. ఏరేటర్లంటే నీళ్లని చిలికి గాలి కలిపే చక్రాలు. అవి తిరుగుతున్నంతసేపే చెరువులో రొయ్యకి ఊపిరి. ఆ చప్పుడులో నిద్రపోవడం, చప్పుడు ఆగితే ఉలిక్కిపడి లేవడం ఆ ఇంటివాళ్లకి అలవాటు. కృప ఉయ్యాలలో ఉన్నప్పుడు కూడా అంతే. జోలపాట ఆపితే ఏడ్చేది కాదు, చక్రాలు ఆగితే ఏడ్చేది.

కృపకి ఎనిమిదేళ్లప్పుడు ఒకరోజు తెల్లారుతుండగా కరెంటు పోయింది. జనరేటరు మొరాయించింది. నలభై నిమిషాల్లో చెరువు చెరువంతా తెల్లగా తేలిపోయింది. యెహెజ్కేలు గట్టు మీద చతికిలబడి మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. కృప వెళ్లి పక్కన కూర్చుంది.

“నాన్నా, ఇంకో జనరేటరు పెట్టుకోవచ్చుగా?”

“చెరువు మనది కాదు కదమ్మా.”

ఆ పిల్ల పెద్దదయ్యాక, తనదంటూ ఒక చోటు దొరికినప్పుడు, ఒకటి చాలినచోట మూడు పెట్టింది. ఆ చోటు ఈ ఆటలో ఉంది.

ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరినప్పుడు ఈ లాప్‌టాప్ భీమవరంలో ఉదయభాస్కర్‌గారి కొట్లో తీసుకున్నారు. చదువు చదువుకునేది, చదువయ్యాక ఆట ఆడుకునేది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం, వంటింట్లో ఉన్న తల్లిని కేకేసింది.

“అమ్మా, ఇట్రా. నిన్ను చూపిస్తాను.”

“నన్నా? ఎక్కడే?”

తెర నిండా ఎర్రమట్టి నేల. చెట్టు లేదు, చేమ లేదు, నీటిచుక్క లేదు. ఆ నేల మీద బోర్లించిన గాజుగిన్నెల్లాంటి ఇళ్లు. లోపల చీమలంత మనుషులు పద్నాలుగు మంది, తలోపని మీద తిరుగుతున్నారు. ఒక్కొక్కరి తల మీద ఇంగ్లీషులో పేరు రాసి ఉంది.

“ఇది వేరే గ్రహం. ఇక్కడ గాలుండదు. మనమే తయారు చేసుకోవాలి. అదిగో, వంటగదిలో ఉన్నది నువ్వు.”

“నేనింత లావున్నానా?”

“బొమ్మలన్నీ అంతే లావమ్మా!”

“మీ నాన్నేడి మరి?”

“ఎక్కడైనా నాన్నకి ఒకటే డ్యూటీ. చూడు, గాలిమెషిన్ల దగ్గర.”

“ఆ చీపురాయన ఎవరే?”

“వీరాస్వామిగారు. లెట్రిన్లు కడిగే పని ఇచ్చాను.”

“ఓసి నీ దుంపతెగ! ఎవరైనా చూస్తే మీ నాన్న పని ఊడుద్ది.”

తల్లీకూతుళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ ప్రసన్నకుమారి చూస్తే, ఆకుకూరల కుండీల మధ్య ఇంకో బొమ్మ తిరుగుతోంది. దాని తల మీద కృప అని ఉంది. ఇంగ్లీషులో ఆ ఒక్క పేరు ఆవిడ చదవగలదు. పన్నెండేళ్లపాటు నోటు పుస్తకాల అట్టల మీద చూసిన పేరది.

“పైన ఈ అంకె చూశావా? గాలిమెషిన్లలో వేసే ఫిల్టర్లు. అవి ఉన్నంతకాలం వీళ్లకి భయం లేదు. తొమ్మిది వందలు దాచాను,” అంది కృప గర్వంగా.

ఆ తర్వాత వానలొచ్చాయి. వానలతో పాటు జ్వరమొచ్చింది. డెంగీ అన్నారు. నాలుగో రోజున పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు, అయిదో రోజున ఊపిరికి మెషిన్ పెట్టారు. ఏడో రోజు ఉదయం ప్రసన్నకుమారి ఫ్లాస్కు పట్టుకుని వేడినీళ్ల కోసం కిందకి దిగింది. తిరిగొచ్చి తలుపు దగ్గర నిలబడగానే తెలిసిపోయింది. చప్పుడు లేదు.

యెహెజ్కేలు గోడకి ఆనుకుని ఉన్నాడు. చేతిలో పెన్ను ఉంది. ఇంక లాభం లేదని, మెషిన్ తీసెయ్యాలని చెప్పి డాక్టర్లు కాగితం మీద సంతకం అడిగారు. పెట్టేశాడు. కింద మెట్ల దగ్గరే ఉన్న భార్యని పిలవలేదు.

ఎందుకు పిలవలేదని ఆవిడ అడగలేదు. అతను చెప్పలేదు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో కూర ఏంటి, బట్టలు ఆరాయా, మేత లారీ వచ్చిందా అనే మాటలే తప్ప వేరే మాట పుట్టలేదు.

జూన్ నెలలో, పిల్ల బట్టలు ఎవరికైనా పనికొస్తాయని ఇవ్వబోయి బీరువా తెరిస్తే, చున్నీల అడుగున లాప్‌టాప్ దొరికింది. వైరు పెట్టి నొక్కితే వెలిగింది. కృప ఎక్కడ నొక్కేదో, ఏ బొమ్మ మీద రెండుసార్లు కొట్టేదో ఆవిడకి గుర్తే. ఎర్రనేల తెరుచుకుంది. గాజు ఇళ్లు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. కుండీల మధ్య కృప నడుస్తోంది. వంగి ఆకు కోసింది, లేచింది, బుట్ట పట్టుకుని వంటగది వైపు వెళ్లింది.

ప్రసన్నకుమారి ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

చూడ్డం అయ్యాక ఆపుదామనే చెయ్యి పెట్టింది. చెయ్యి వెనక్కొచ్చేసింది. ఆపితే మెషిన్లు ఆగుతాయి. మెషిన్లు ఆగితే లోపల ఉన్నవాళ్లు ఏమవుతారో చెరువు గట్టున ఇరవై ఏళ్లు కాపురం చేసిన మనిషికి ఎవరో చెప్పక్కర్లేదు.

మూడో రోజున యెహెజ్కేలు అన్నం కలుపుతూ బల్ల వైపు చూశాడు.

“అది బొమ్మలాట ప్రసన్నా. ఎంతసేపని నడుపుతావు? ఆపెయ్యి.”

“మీరు ఆపండి. మీకు అలవాటేగా.”

అతను కలిపిన ముద్ద కంచంలోనే వదిలి, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. మర్నాడు మధ్యాహ్నం చెరువు షెడ్డులో మూలపడి ఉన్న పాత ఇన్వర్టరు సైకిల్ వెనక కట్టుకుని తెచ్చాడు. మాట లేకుండా బల్లకింద పెట్టి, వైర్లు కలిపి, పచ్చలైటు వెలిగేదాకా చూసి వెళ్లాడు.

అప్పట్నించి ప్రసన్నకుమారి రోజు రెండు ఊళ్లలో గడిచింది. బియ్యం ఏరుతూ ఒక కన్ను తెర మీద. కృప నిద్ర లేచిందా, తిన్నదా, కుండీల దగ్గరకి వెళ్లిందా. ఎదుటి బొమ్మ పలకదని తెలుసు. పిలిస్తే తిరగదని తెలుసు. పిలిచేది కాదు కూడా. చూసేది, అంతే. పైన అంకె మాత్రం తగ్గుతూ వచ్చింది. తొమ్మిది వందలు ఆరొందలైంది, మూడొందలైంది. కొత్త ఫిల్టర్లు ఎలా చెయ్యాలో ఆవిడకి తెలియదు. మేత బస్తాలు అడుగంటుతున్న షెడ్డులా అనిపించేది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం యెహెజ్కేలు భోజనానికి వచ్చాడు. అతని ఫోన్లో నెట్ కృప ఎప్పుడో ఈ లాప్‌టాప్‌కి కలిపి పెట్టింది. ఫోను ఇంట్లోకి రాగానే తెర మూల ఒక కొత్త బొమ్మ లేచింది. నల్లటి ఆకాశం, మెరుపులు, కింద ఇంగ్లీషు రాత, ఒక అంకె. పన్నెండు. మర్నాడు మధ్యాహ్నానికి అది పదకొండైంది. ఆ తర్వాత పది.

తుఫాను హెచ్చరిక అనుకుంది ప్రసన్నకుమారి. అక్కడ కూడా తుఫానులుంటాయి కాబోలు. అంకె తగ్గేకొద్దీ ఆవిడకి అన్నం సయించలేదు. మూడుకి వచ్చిన రోజున చర్చి క్యాలెండరు కాగితం ఒకటి చింపి, వెనకవైపు ఆ రాతంతా ముగ్గు వేసినట్టు చూసి గీసుకుంది. మర్నాడు పొద్దున్నే వీరదుర్గని కూర్చోబెట్టి భీమవరం ఆటో ఎక్కింది. అప్పటికి ఫిల్టర్లు నలభై ఒకటి.

లాప్‌టాప్ అమ్మిన ఉదయభాస్కర్‌గారికి యాభై దాటి ఉంటాయి. కళ్లజోడు ఎప్పుడూ నెత్తి మీదే ఉంటుంది.

“రండి చెల్లెమ్మా, కూర్చోండి. ఆ స్టూలు కాదు, దానికి మూడుకాళ్లే. ఇది, ఇది.”

ఆవిడ కాగితం ఇచ్చింది. ఆయన కళ్లజోడు దింపుకున్నాడు.

“ఎవరు రాశారమ్మా ఇది?”

“నేనేనండి. చూసి గీశాను.”

“అక్షరం పోకుండా గీశారే! నా రాతకన్నా నయం. ఇది పెద్ద అప్‌డేట్ అనండి. ఎల్లుండి దాటితే వచ్చేస్తుంది.”

“అంటే తుఫానాండి?”

ఆయన నవ్వేశాడు. “తుఫాను కాదండి బాబూ! ఆట చేసినవాళ్లు దాన్ని పెద్దది చేస్తున్నారు. పాకలో ఉన్న బడికి మేడ కట్టినట్టనుకోండి. ఇదిగో, రెండు కొత్త గ్రహాలంట. నేల కింద నీళ్లంట. శత్రువులు కొత్త ఆయుధాలేసుకుని వస్తారంట. లోపల మనుషులకి పిల్లలు పుడతారంట, ముసలాళ్లవుతారంట.”

“ముసలాళ్లవుతారా?”

“ఆ. ఇప్పటిదాకా వాళ్లకి వయసు పెరగదు కదండీ. గాలికి కూడా కొత్త మెషిన్లు ఇస్తున్నారు. ఫిల్టర్లతో పనే లేదంట.”

ప్రసన్నకుమారి ముందుకి జరిగింది. “అయితే ఆ మెషిన్లు మా ఊళ్లో పెట్టొచ్చాండి?”

“అదే కుదరదంటున్నాడు. పాత ఊళ్లు కొత్త ఆటలో తెరుచుకోవంట. కింద చిన్న అక్షరాల్లో ఉంది, అదీ గీశారు మీరు. దానికేముందండి, నేనే ఆదివారం వచ్చి కొత్తది మొదలుపెట్టించేస్తాను. ఈ పేర్లే మళ్లీ పెట్టుకోండి. అమ్మాయి పేరూ పెట్టుకోండి.”

“అది నేను పెట్టిన పేరవుద్దండి. ఇది మా అమ్మాయి కూర్చుని పెట్టుకున్నది.”

ఆయన కాగితం మళ్లీ ఒకసారి చదివాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. నెట్ తగలకపోతే ఆట పాతదిగానే ఉండిపోతుంది. కీబోర్డులో ఒక మీట మీద విమానం బొమ్మ ఉంటుంది, అది నొక్కితే నెట్ తెగిపోతుంది.

“అది నొక్కేసి, ఆట కూడా ఆపి దాచుకోండి. మీ ఊరు మీకుంటుంది.”

“ఆపితే ఎలాగండీ? గాలో?”

“ఏం గాలమ్మా?”

“లోపల ఉన్నోళ్లకి. కరెంటు పోతే చెరువులో రొయ్య అరగంట ఆగదు కదండీ. అందుకే నేను ఒక్క నిమిషం కూడా ఆపలేదు. ఇన్వర్టరు పెట్టాం.”

ఆయన నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

“ఎన్నాళ్లుగా నడుస్తోందమ్మా?”

“రెండు నెలల పది రోజులండి. తొమ్మిది వందల ఫిల్టర్లకి నలభై మిగిలాయి.”

“రాత్రుళ్లు కూడానా?”

ఆవిడ తల ఊపింది.

“చెల్లెమ్మా, ఇది చెరువు లాంటిది కాదు. ఆపితే అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగుతారు. ఊపిరి కూడా ఆగే ఉంటుంది, పోదు. నడుస్తుంటేనే గాలి ఖర్చవుతుంది. అమ్మాయి దాచిందంతా…” ఆయన మాట మింగేశాడు.

మిగతాది ఆవిడే పూర్తి చేసుకుంది. అమ్మాయి దాచిందంతా అమ్మ ఊదేసింది.

ఉదయభాస్కర్‌గారు క్యాలెండరు కాగితం మీద, ఆవిడ గీసినదాని కింద, తెలుగులో రాసిచ్చాడు. ముందు విమానం బొమ్మ. తర్వాత పొడుగు మీట, దాంతో ఆగుతుంది. తర్వాత మూడు గీతల దగ్గర కింద నుంచి రెండోది, దాంతో భద్రమవుతుంది. చివర బయటికి. తర్వాత పక్కనున్న కాలిక్యులేటరు మీద ఏదో కొట్టాడు.

“నలభై ఉన్నాయన్నారు కదా, అంటే మూడు రోజుల గాలి. రోజుకి ఒక్క నిమిషం తెరిచి చూసుకున్నారనుకోండి, పదకొండేళ్లు దాటుతుంది.”

ఆయన మంచికే చెప్పాడు. ఆవిడకి ఆటోలో దారిపొడుగునా కళ్లముందు ఆ ఒక్క నిమిషమే కనిపించింది.

ఇంటికొచ్చేసరికి వీరదుర్గ గుమ్మంలోనే ఉంది.

“కరెంటు పోలేదు వదినా, ఒట్టు. కానీ లోపల ఒక గాజింట్లో ఎర్రలైటొచ్చింది. నేనేం ముట్టుకోలేదు.”

“నువ్వేం చెయ్యలేదులే అమ్మా. ఇంటికెళ్లు.”

తెర మీద ఒక గాజిల్లు, అక్కడి గాలిమెషిన్ ఆగిపోయి, చీకటిగా ఉంది. అందులోవాళ్లు పక్కింట్లోకి వచ్చి ఇరుక్కుని నిలబడ్డారు. అంకె ముప్ఫై తొమ్మిది. ప్రసన్నకుమారి కాగితం చూసి విమానం బొమ్మ నొక్కింది. పొడుగు మీట మీద వేలు పెట్టింది. నొక్కలేకపోయింది. కృప అప్పుడు మంచం మీద పడుకుని ఉంది.

అలా కాదు. మంచం మీద కాదు.

ఆవిడ కూర్చుంది. కృప లేవాలి. లేచి తిరుగుతుండగా ఆపాలి. అంకె ముప్ఫై ఎనిమిదైంది. తన చేతిలోంచి తానే జారవిడుస్తున్నానని తెలుసు. అయినా కూర్చుంది. ఆ కూర్చోవడంలో, ఇన్నాళ్లూ కృప వెనకే తిరిగిన కళ్లు మొదటిసారి గాలిమెషిన్ల గది మీదకి వెళ్లాయి. అక్కడ నాన్న బొమ్మ ఉంది. తల మీద ఎర్రటి గుర్తు మినుకుమంటోంది. నిద్ర లేనివాళ్లకి ఆ గుర్తు వస్తుందని కృప చెప్పింది. ఒక మెషిన్ దగ్గర వంగడం, లేచి ఇంకో మెషిన్ దగ్గరకి పోవడం. మళ్లీ మొదటిదాని దగ్గరకి రావడం. ఇది ఎన్నాళ్లుగానో, ఆవిడ చూడలేదు.

కృప లేచింది. కుండీల దగ్గరకి వెళ్లింది. అక్కడినుంచి వంటగదికి నడిచింది. అమ్మ బొమ్మ కంచం ఇచ్చింది. ఇద్దరూ బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు. మూడో కుర్చీ ఖాళీగా ఉంది.

“రండి. ఒక్క నిమిషం రండి,” అంది ప్రసన్నకుమారి, పైకే.

నాన్న బొమ్మ రాలేదు. మెషిన్ వదిలి ఎలా వస్తుంది? అంకె ముప్ఫై ఏడైంది. కృప కంచం సగమైంది. తినడం అయిపోతే మళ్లీ మంచమే.

ఆవిడ మీట నొక్కింది.

అందరూ ఆగిపోయారు. కృప చెయ్యి కంచానికీ నోటికీ మధ్య ఆగింది. మూడు గీతలు, కింద నుంచి రెండోది, చివర బయటికి. ఎర్రనేల పోయింది. లాప్‌టాప్ లోపల ఇన్నాళ్లూ గిర్రుమంటూ తిరిగిన చిన్న చక్రం నెమ్మదించి, ఆగింది. ఆ ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆవిడకి తెలియదు. కాసేపటికి దూరంగా చెరువుల మీద ఏరేటర్ల చప్పుడు కిటికీలోంచి లోపలికొచ్చింది.

ఫోను తీసింది.

“ఏమండీ.”

“ఏంటి ప్రసన్నా? ఇన్వర్టరుకేమైనా అయిందా?”

“కాదు. ఆపేశాను.”

అటువైపు చాలాసేపు చక్రాల చప్పుడే వినబడింది.

“నువ్వొక్కదానివేనా?”

“ఆ.”

“నన్ను పిలవకపోయావా. వచ్చేవాణ్ణి కదా.”

ఈ మాటకి జవాబు పదకొండు నెలలుగా ఆవిడ నాలుక చివరే ఉంది. నోరు తెరిచింది కూడా. మీట నొక్కిన వేలు ఇంకా బల్ల మీదే ఉంది. దాన్ని చూసుకుంది. పిలవాలని తనకి తట్టనే లేదు.

“అన్నం వండలేదింకా. ఎసరు పెడతాను, రండి,” అంది.

చెరువు ఇంకొకరికి అప్పగించి యెహెజ్కేలు వేళ కాని వేళ ఇంటికొచ్చాడు. మూసిన లాప్‌టాప్ ముందు నిలబడ్డాడు. దాని మూత మీద అరచెయ్యి పెట్టి, ఇంకా వెచ్చగా ఉందేమో, అలాగే ఉంచాడు. ఆవిడ కంచం పెట్టింది. అతను తిన్నాడు. తింటుంటే ముద్ద ముద్దకీ ఆగాడు. చెయ్యి కడుక్కుని వచ్చి బల్లకింద వంగాడు.

“ఈ ఇన్వర్టరు షెడ్డుకి పట్టుకుపోనా?”

ప్రసన్నకుమారి కంచం తీసి గిన్నెల పక్కన పెట్టింది.

“ఉండనివ్వండి,” అంది.